అద్దం కింది ఎరుపు

పుట్టపాకల మా ఇంటెనుక, కానుగ నీడకు
మా చెల్లె బిడ్డ వినోద బల్లేసింది.
బల్ల మీద పదహారు అట్టముక్కలు.
పొయ్యిల బూడిద కాడికెళ్లి వాన మబ్బు దాక
ఒకదానికన్న ఒకటి ముదురు, పదిహేను.
ఒక్కటే నీలం.
నీలం మీది గిన్నెల చక్కెర నీళ్లు,
తక్కినయన్నిట్ల ఉత్త నీళ్లు.

"ఏందే ఇది, పెండ్లికి ఇస్తార్లేసినట్టు?"
"తేనెటీగెకు రంగు కనవడ్తదా అని, మామా."
"కనవడక? పువ్వు మీదనే వాల్తది గద!"
"వాసనకు వాలొచ్చు. మెరుపుకు వాలొచ్చు.
రంగు తెల్వనోళ్లకు ఈ నీలం
ఏదో ఒక బూడిదతోని కలిసిపోవాలె.
తెల్వకున్నా తెల్సినట్టే తిరగొచ్చు మామా, ఎవరైనా."

నా చేతిల నూలు లడి జారింది.

నలభై ఏండ్ల సంది
తేలియా రుమాలుకు రంగెక్కించెటోన్ని నేను.
ఎడమ గోలెం ఎరుపు, కుడి గోలెం నలుపు.
ఎరుపుకు పటిక వగరు,
నలుపుకు తుప్పు వట్టిన ఇనుము వాసన.
ముక్కుకు రెండు, చేతికి రెండు,
కండ్లకు మాత్రం రెండూ ఒక్కటే చీకటి.
మా నాయినకు చెప్పలే.
అండాలుకు చెప్పలే.
పెండ్లినాడు ఆమె కట్టిన చీర ఏ రంగో
ఇప్పటిదాక అడగలే.

రెండో దినం పిల్ల అట్టముక్కలు కలిపేసింది.
నీలం ఓసారి మూలకు, ఓసారి నడిమిట్లకు.
"లేకుంటే జాగ గుర్తువెట్టుకుంటయి, రంగు గాదు."
మూడోదినం అన్నిట్ల మీద అద్దం పరిచింది,
వాసన పైకి రాకుంట.
ఒక్కొక్క తలుపే మూస్తున్నది,
ఈగెలకే అనుకుంటున్నది.
నాలుగోనాడు చక్కెర మొత్తమే తీసేసింది.
వీపున తెల్ల చుక్కలు వెట్టుకున్న ఈగెలు
నీలం కాడనే జుమ్మని మూగినయి,
ఏం లేని గిన్నె చుట్టు,
ఇచ్చిన మాట మీద నిలవడ్డట్టు.

"ఇగ ఎరుపు జూద్దాం" అని
నేనద్దిన లడినే అట్టకు చుట్టింది.
రెండు దినాలు చక్కెర తాపింది దాని మీద.
అద్దం వెట్టి కలిపినంక
ఈగెలు ఓపాలి ఎరుపు మీద, ఓపాలి ముదురు బూడిద మీద,
సంతల తప్పిపోయిన పోరగాండ్ల లెక్క.
"ఎరుపు వీటికి లేదు మామా. నలుపే."
"అంటే గుడ్డియా?"
గొంతు నాదేనా అనిపించింది.
"గుడ్డియి ఎందుకైతయి?
పొద్దుతిరుగుడు పువ్వు మనకు అంచంత ఒకటే పసుపు.
వాటికి అండ్ల నడుమ ఇంకో రంగు కట్టు కనవడ్తది.
మనకు దానికి పేరు గూడ లేదు."

ఆ మాట మీద చానసేపు కూసున్న.
చీకటి వడ్తుంటె లోపలికి విలిచిన.
"లడీలు తీయ్. కలుపు. అద్దం వెట్టు."
"ఎవలకు మామా?"
చెప్పలే.
గోడ మీది నాయిన పటం దించి
అద్దం ఊడవీకి ఆమె చేతిల వెట్టిన.
ఇంక అడగలేదు పిల్ల.

ఏలు వెట్టి చూపిన. మల్ల కలిపింది, మల్ల చూపిన.
తప్పా ఒప్పా అనలే, పుస్తకంల రాసుకున్నది.
"ఈగెకెన్నిసార్లు ఇస్తవ్?"
"ముప్పై."
"నాకూ ముప్పై ఇయ్యి. బెల్లం ముక్క గూడ వెట్టు."
నవ్వింది గని కండ్లు తుడుసుకున్నది.

అప్పుడే చాయ తెచ్చిన అండాలు గడపల నిలవడి
"ఇదేం పరీక్షనే, నాకెన్నడో ఎర్క" అన్నది.
"అలికి ఊడ్చినప్పుడల్ల గోలాలు జరుగుతయి గద.
ఎడమది ఎడమకే తెచ్చి వెట్టేది
ఎవలనుకున్నడు ఈ మనిషి?"

చాయ సల్లారింది.
బయట బల్ల మీద ఏడో నంబరు ఈగె
ఇంకా నీలం మీదనే ఉన్నది.
చీర సంగతి
ఆ రాత్రి గూడ అడగలే.